నమూనా అంటే థర్మాకోల్ బొమ్మ కాదు

 

వచ్చే నెల మన బడిలో వైజ్ఞానిక ప్రదర్శన ఉన్నదని నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు. ప్రతి గ్రూపూ ఒక మోడల్ తేవాలె. ఆ నోటీసు పడ్డ రోజు నుంచి ఫోన్ దగ్గర లైను పెరిగింది. "బాపూ, ఐదొందలు పంపు, మోడల్ చెయ్యాలె" అని అడుగుతున్నరు. కొందరి ఇండ్లల్ల ఐదొందలంటే రెండు రోజుల కూలి. ఆ పైసలతో థర్మాకోల్, రంగులు, చిన్న బల్బులు వస్తయి. ఇంకా పైసలున్నవాళ్ళకు దుకాణంలో తయారైన అగ్నిపర్వతమే దొరుకుతది. ప్రదర్శన రోజు దాని పక్కన నిలబడి, రాసుకున్న నాలుగు వాక్యాలు అప్పజెప్పుతం. మర్నాడు థర్మాకోల్ చెత్తకుప్పలో ఉంటది. నాలుగు వాక్యాలు కూడా అక్కడికే పోతయి.

దీనిని మోడల్ అనవచ్చా? అనకూడదని నా అభిప్రాయం. సైన్సులో మోడల్ అంటే వేరే అర్థం ఉన్నది. ఆ అర్థంతో పాఠాలు చెబితే మనలాంటి పిల్లలకు ఎక్కువ మేలు జరుగుతుందని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

మోడల్ అంటే ఏమిటి?

మోడల్‌ను తెలుగులో నమూనా అంటం. ఒక సంగతి ఎట్ల జరుగుతున్నదో మన మనసులో కట్టుకున్న బొమ్మ అది. దాన్ని గీయవచ్చు, గ్రాఫ్‌గా వేయవచ్చు, సూత్రంగా రాయవచ్చు. కానీ దానికి ఒక పరీక్ష ఉన్నది. ఆ బొమ్మను నమ్మితే ముందు ఏం జరగాలో చెప్పగలగాలె. చెప్పింది జరిగితే బొమ్మ నిలుస్తది. జరగకపోతే దాన్ని మార్చుకోవాలె. ముందు ఏమి జరుగుతుందో చెప్పలేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది అలంకారమే.

మన పుస్తకంలోని పరమాణువు పాఠం చూడండి. జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. 1904లో పరమాణువుకు ఒక నమూనా ఇచ్చాడు. పుచ్చకాయ ఎర్రటి గుజ్జులో గింజలున్నట్టు, ధనావేశం అంతటా పరుచుకొని ఉంటే అందులో ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయన్నాడు. తర్వాత రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపి చూశారు. పుచ్చకాయ నమూనా నిజమైతే కణాలన్నీ దాదాపు తిన్నగా దూసుకుపోవాలె. ఎక్కువ కణాలు అట్లనే పోయినయి. కానీ కొన్ని వెనక్కి తిరిగి వచ్చినయి. అందుకని 1911లో రూథర్‌ఫర్డ్ నమూనాను మార్చి, నడుమ చిన్న కేంద్రకం పెట్టాడు. 1913లో బోర్ దానిని కూడా సవరించాడు.

రూథర్‌ఫర్డ్ థామ్సన్ గారి దగ్గర చదివిన శిష్యుడే. గురువు గారి నమూనాను శిష్యుడు మార్చాడు. గురువు గారి మర్యాద ఏమీ తగ్గలేదు, ఇద్దరి పేర్లూ మన పుస్తకంలో ఉన్నయి. మనం మాత్రం ఈ పాఠంలో మూడు బొమ్మలు, మూడు పేర్లు, మూడు సంవత్సరాలు బట్టీ పడుతం. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ ఎందుకు వచ్చిందన్నదే అసలు పాఠం. అది నాలుగు మార్కుల ప్రశ్నలో రాదు గనుక వదిలేస్తం.

ఇట్ల పాఠం చెప్పే పద్ధతి ఉన్నది

అమెరికాలోని అరిజోనాలో మాల్కం వెల్స్ అనే హైస్కూలు సార్, డేవిడ్ హెస్టెనెస్ అనే ప్రొఫెసర్ కలిసి 1980లలో ఈ పద్ధతిని తయారుచేశారు. ముందు పిల్లలు ఒక సంగతిని చూస్తారు. ఏమేమి కొలవవచ్చో వాళ్ళే చెబుతారు. ముగ్గురు నలుగురు ఒక గ్రూపుగా కొలిచి, చిన్న తెల్ల బోర్డు మీద బొమ్మ, గ్రాఫ్, సూత్రం వేస్తారు. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని బోర్డులు చూపించుకుంటారు. టీచర్ జవాబు చెప్పరు, "నీకెట్ల తెలుసు?" అని అడుగుతారు. అందరూ ఒప్పుకున్న నమూనాను చివరికి కొత్త లెక్కల మీద, కొత్త సంగతుల మీద వాడి చూస్తారు. అంటే మొదటి సగం నమూనా కట్టడం, రెండో సగం దానిని పనిలో పెట్టడం.

వాళ్ళు 1992లో బలం, చలనం గురించి ఒక ప్రశ్నపత్రం కూడా అచ్చువేశారు. దాంట్లో లెక్కలు ఉండవు, మామూలు ప్రశ్నలే ఉంటయి. పెద్ద పెద్ద లెక్కలు చేసే విద్యార్థులు కూడా ఆ ప్రశ్నల దగ్గర తడబడ్డారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజుర్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థులకు ఇస్తే అక్కడా అదే జరిగింది. ఆయన తన పాఠం చెప్పే తీరునే మార్చుకున్నాడు. సూత్రం నోటికి వచ్చినంత మాత్రాన సంగతి అర్థమైనట్టు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

అటువంటి ప్రశ్న ఒకటి మనమే వేసుకుందాం. మన ముందున్న రాజీవ్ రహదారి మీద ఒక లారీ, ఒక స్కూటర్ ఎదురెదురుగా గుద్దుకున్నయి అనుకోండి. ఎవరి మీద ఎక్కువ బలం పడింది? మా తరగతిలో అడిగితే ఎక్కువ చేతులు స్కూటర్ వైపు లేచినయి. న్యూటన్ మూడవ నియమం అందరికీ నోటికి వచ్చు. అయినా చేతులు అటే లేచినయి.

దీన్ని ఎట్ల తేల్చాలె? రెండు స్ప్రింగ్ త్రాసుల కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, ఒక వైపు బలమైన అమ్మాయి, ఇంకో వైపు ఐదో తరగతి చెల్లె పట్టుకొని గుంజాలె. ఎవరు ఎంత గుంజినా రెండు త్రాసులూ ఒకే అంకె చూపిస్తయి. మరి స్కూటర్ ఎందుకు ఎగిరి పడుతది? లారీ 20,000 కిలోలు, స్కూటర్ మనిషితో కలిపి 200 కిలోలు అనుకుంటే, అంతే బలానికి స్కూటర్ త్వరణం లారీ కంటే 100 రెట్లు ఉంటది. బలం సమానం, ఫలితం సమానం కాదు. ఇట్ల చూసిన తర్వాత ఆ నియమాన్ని బట్టీ పట్టే అవసరం రాదు.

మా తరగతిలో జరిగిన పాఠం

పోయిన నెల మా సైన్సు టీచర్ చలనం పాఠం ఈ తీరుగా చెప్పిండ్రు. హాస్టల్‌లో అన్నం గిన్నెలు తెచ్చే చక్రాల బండి ఉన్నది కదా, వంట అక్కను అడిగి దాన్ని తెచ్చినం. అడుగు కోసిన నీళ్ళ సీసాను బండికి తలకిందులుగా కట్టి, మూతకు సూదితో చిల్లి పెట్టినం. నిమిషానికి 60 చుక్కలు పడేటట్టు మూత బిగించినం. అంటే సెకనుకు ఒక చుక్క.

బండిని వరండాలో ఒకే తీరుగా నెట్టితే చుక్కల నడుమ దూరం కూడా ఒకే తీరుగా వచ్చింది, 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ. తర్వాత గుమ్మం దగ్గరి వాలు మీద బండిని వదిలినం. ఈసారి దూరాలు 20, 41, 59, 80 సెంటీమీటర్లు వచ్చినయి. నేల మీద చుక్కలు దూరం దూరం జరుగుతుంటే ఆరో తరగతి చెల్లెలు కూడా నిలబడి చూసిండ్రు. ప్రతి సెకనుకూ దూరం సుమారు 20 సెంటీమీటర్లు పెరుగుతున్నది. "దీనికి పేరు త్వరణం" అని టీచర్ అప్పుడు చెప్పిండ్రు. ముందు సంగతి వచ్చింది, తర్వాత పేరు వచ్చింది.

ఇంకో వాలు మీద వదిలితే ఐదో చుక్క ఎక్కడ పడుతదో ముందే సుద్దముక్కతో గీత పెట్టుమన్నరు. ఒక గ్రూపు గీతకు, పడ్డ చుక్కకు జానెడు తేడా వచ్చింది. ఎందుకని వెతికితే సీసాలో నీళ్ళు తగ్గి చుక్కలు నెమ్మదించినయని తేలింది. ఎవ్వరూ నవ్వలేదు. ఆ తేడా లేకపోతే మన గడియారంలో లోపం ఉన్నదని తెలిసేది కాదు. ఈ పాఠానికి అయిన ఖర్చు ఒక పాత సీసా.

వంటింట్లో కూడా ప్రయోగశాల ఉన్నది. ఒక గ్లాసు శనగలు, ఒక గ్లాసు ఆవాలు కలపండి. రెండు గ్లాసులు కావు. గ్లాసున్నర మీద కొంచెమే అవుతది. శనగల సందుల్లో ఆవాలు దూరుతయి. పదార్థం కణాలతో ఉన్నదని, కణాల నడుమ ఖాళీ ఉన్నదని చెప్పటానికి ఇది మంచి నమూనా. కానీ ఈ నమూనా ఎక్కడిదాకా పనికొస్తది? పప్పు పోపు వాసన వంటింటి నుంచి మన తరగతికి దానంతట అదే నడిచి వస్తది. శనగలు, ఆవాలు వాటంతట అవి కదలవు. కాబట్టి "కణాలు ఊరుకోవు, కదులుతుంటయి" అని నమూనాకు ఇంకో మాట చేర్చాలె. ఏ నమూనా ఎక్కడ ఆగిపోతదో చెప్పగలిగితేనే అది అర్థమైనట్టు. (ఆవాలు, శనగలు జల్లెడ పట్టి వంట అక్కకు తిరిగి ఇవ్వాలె. అది మిశ్రమాలను వేరుచేసే పాఠం.)

మన ఊరి చుట్టూ ఉన్నవాటితో కూడా చేయవచ్చు. మన దగ్గర్లోని కొండపోచమ్మ సాగర్ 2020 మే 29న ప్రారంభమైంది. దాని నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 618 మీటర్ల ఎత్తు. గోదావరి మీది ఎల్లంపల్లి ప్రాజెక్టు నిండు మట్టం 148 మీటర్లు. అంటే అక్కడి నీళ్ళు ఇక్కడికి రావాలంటే 470 మీటర్లు పైకి ఎక్కాలె. మనం 15 లీటర్ల బకెట్ మోసుకొని 6 మీటర్ల ఎత్తున్న పై అంతస్తుకు పోతే, గురుత్వ త్వరణం 10 అనుకుంటే 900 జౌళ్ళ పని. అదే బకెట్ నీళ్ళు 470 మీటర్లు ఎక్కాలంటే 70,500 జౌళ్ళు. అంటే మనం 78 సార్లు మెట్లెక్కినంత! పంపులు, కాలువల్లో పోయే నష్టం ఇందులో కలపలేదు. బకెట్ మోసిన చేతులకు ఈ లెక్క త్వరగా అర్థమవుతది.

మనలాంటి వాళ్ళకు ఎందుకు ముఖ్యం?

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. మనలో చాలామంది అంతే. సెలవుల్లో ఇంటికి పోతే న్యూటన్ గురించి చెప్పే అన్న లేడు, అక్క లేదు. మా ఇంట్లో గోండి మాట్లాడుతరు. నీళ్ళను ఏర్ అంటరు. బడికి వచ్చి నీళ్ళు నేర్చుకున్నం, తర్వాత వాటర్ నేర్చుకున్నం. ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు ఉంటది. నిర్వచనంతో పాఠం మొదలైతే మేము మొదటి వాక్యంలోనే ఆగిపోతం. అది సైన్సు రాక కాదు, ఆ వాక్యం మా ఇంటి భాష కాదు గనుక. గైడ్లు, ట్యూషన్లు ఉన్న పట్నం పిల్లలు నిర్వచనాల్లో మాకంటే ముందుంటరు. కానీ చూడటంలో మేము ఎవరికీ వెనుక కాదు.

ఎండాకాలం మా గూడెంలో ఇప్పపువ్వు ఏరి బండల మీద ఆరబోస్తం. కుప్పగా పోస్తే మగ్గిపోతదని మా తాతకు తెలుసు. పలుచగా పరుస్తడు, నడుమ నడుమ తిప్పుతడు, గాలి ఆడే జాగా చూస్తడు. మన పుస్తకంలో బాష్పీభవనం పాఠం తీయండి. ఉపరితల వైశాల్యం పెరిగితే బాష్పీభవనం పెరుగుతుంది, గాలి వేగం పెరిగితే పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే పెరుగుతుంది, గాలిలో తేమ పెరిగితే తగ్గుతుంది అని ఉన్నది. తాత ఈ పేజీ చదవలేదు. కానీ మబ్బు పట్టిన రోజు పువ్వు ఎన్ని రోజులకు ఎండుతదో ముందే చెప్పగలడు. ముందు చెప్పగలడంటే ఆయన మనసులో నమూనా ఉన్నట్టే కదా! టీచర్ గారు పాఠాన్ని అక్కడి నుంచి మొదలుపెడితే మాకు చేయి ఎత్తే ధైర్యం వస్తది. బొమ్మ గీయటానికి ఏ భాషా అడ్డం రాదు. గీసిన తర్వాత దానికి తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే రెండూ గుర్తుంటయి.

ఇది నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నది. హైమన్‌డార్ఫ్ గారు దాని వెనుక ఉండి గోండి వాచకాలు కూడా తయారుచేయించారు. పిల్లకు తెలిసిన దానినుంచి మొదలుపెట్టాలని అప్పుడే అనుకున్నరన్నమాట. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ సైన్సు బోధనా కార్యక్రమం 16 బడుల్లో మొదలైంది. పల్లెటూరి పిల్లలు ప్రయోగాలు చేసి జవాబులు తామే రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూడవచ్చు. పిల్లలు ప్రశ్నలు రాసి పంపటానికి "సవాలీరామ్" అనే ఊహా మనిషిని కూడా పెట్టారు. 2002లో ప్రభుత్వం దానిని ఆపేసింది. కానీ ముప్పై ఏండ్లు ప్రభుత్వ బడుల్లోనే అది నడిచింది. చిత్తూరు జిల్లా కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు సైన్సు పరికరాలను వ్యాన్లలో పల్లె బడులకు తీసుకుపోతున్నరు. కాబట్టి పేద పిల్లల బడుల్లో ఇది కుదరదు అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

అడ్డు చెప్పేవారికి నా జవాబు

మొదటి మాట: "సిలబస్ కాదు." ఇది నిజమైన కష్టమే. చుక్కల బండి పాఠానికి మూడు పీరియడ్లు పట్టింది. బోర్డు మీద రాసి చెబితే ఒకటిలో అయిపోయేది. కానీ ఒక పీరియడ్‌లో అయిన పాఠాన్ని పరీక్షల ముందు స్టడీ అవర్‌లో ఎన్నిసార్లు తిరిగి చదువుతున్నమో లెక్క పెట్టండి. అన్ని పాఠాలూ ఇట్ల చెప్పమని నేను అనటం లేదు. మూలకాల గుర్తులు, ప్రమాణాల పేర్లు చెబితే నేర్చుకుంటం, బట్టీ కూడా పడుతం. చలనం, బలం, పదార్థం, పరమాణువు, పని–శక్తి, ఈ ఐదింటికైనా నమూనా పద్ధతి కావాలె.

రెండో మాట: "మార్కులు రావు." 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన మన పుస్తకాల్లో విద్యా ప్రమాణాలు చూడండి. ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు చేయడం, బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం అన్నీ ఉన్నయి. అంటే పుస్తకమే మన పక్షాన ఉన్నది.

మూడో మాట: "పిల్లలు అల్లరి చేస్తరు." చేస్తరు, నిజమే. పని లేనప్పుడు ఇంకా ఎక్కువ చేస్తరు.

నాలుగో మాట నేనే చెబుతాను. టీచర్ జవాబు చెప్పకుండా పిల్లల్నే వదిలేసినా ఇది చెడిపోతది. "మీరే కనుక్కోండి" అని కుర్చీలో కూర్చుంటే గంట గడిచిపోతది, రంగు పెన్నులు అరిగిపోతయి. ఈ పద్ధతిలో టీచర్‌కు పని తగ్గదు, పెరుగుతది. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో ఆమెకు ముందే తెలిసి ఉండాలె. అందుకే టీచర్లకు కూడా శిక్షణ, సమయం ఇవ్వాలని పెద్దలను కోరుతున్నాను.

నా మనవులు

1. ఈసారి ప్రదర్శనలో కొన్న మోడళ్ళకు బహుమతి వద్దు. ప్రతి గ్రూపూ ఒక ప్రశ్న, ఒక నమూనా, "ఇట్ల చేస్తే ఇట్ల జరుగుతది" అనే ఒక ముందుమాట పెట్టాలె. చూడవచ్చినవారి ఎదుటే దానిని పరీక్షించాలె. తప్పు వస్తే ఎందుకు వచ్చిందో చెప్పిన గ్రూపుకు మార్కులు తగ్గించవద్దు. ఖర్చు యాభై రూపాయలు దాటవద్దు. అప్పుడు ఇంటికి ఫోన్ చేసే పని ఉండదు.

2. బీరువాలో ఉన్న స్ప్రింగ్ త్రాసులు, కటకాలు, కొలజాడీలు వారానికి ఒక రోజు బయటకు రావాలె. పగిలితే ఏమవుతదని దాచిపెడితే అవి తుప్పు పట్టి పాడవుతయి. ఎవరు తీసుకున్నరో రిజిస్టర్‌లో సంతకం పెడుతం.

3. తెల్ల బోర్డులు కొనలేకపోతే వరండా నేల చాలు. సుద్దముక్కలు ఇప్పించండి. తుడిచే బాధ్యత మాది.

4. వార్డెన్ మేడం గారూ, శనివారం స్టడీ అవర్‌లో అరగంట మాట్లాడుకుంటూ చదువుకోవటానికి అనుమతి ఇవ్వండి. గుండ్రంగా కూర్చుంటం, గొంతు పెంచం.

5. తప్పు జవాబు చెప్పిన పిల్లను చూసి ఎవ్వరమూ నవ్వవద్దు. ఇది పెద్దలకు కాదు, మనకు మనమే పెట్టుకోవలసిన నియమం. ఇంట్లో తెలుగు లేని చెల్లెలు ఒక్కసారి నోరు మూసుకుంటే మళ్ళీ తెరవటానికి ఏడాది పడుతది.

అక్కలారా, చెల్లెళ్ళారా! నా మాట అందరూ ఒప్పుకోవాలని లేదు. ఈ కాగితం కింద జానెడు జాగా ఖాళీగా వదిలిన. ఒప్పుకున్నవాళ్ళు ఎందుకో రాయండి, ఒప్పుకోనివాళ్ళు కూడా ఎందుకో రాయండి. ప్రదర్శనకు మీ గ్రూపు ఏ ప్రశ్న పెట్టుకున్నదో కూడా అక్కడే రాస్తే, ఒకే ప్రశ్న రెండు గ్రూపులకు రాకుండా చూసుకోవచ్చు. పెన్సిల్ దారంతో కట్టి ఉన్నది, తెంపవద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
కుకునూరుపల్లి